పొగ లేని పిలుపు

సాయంత్రం పశువులు తిరిగొచ్చే వేళకి భేకుముజి సితోలే ఇంటి ముందు ఒక వింత జరిగేది. ముందు నడిచే ఎర్రావు గేటు దాకా బాగానే వచ్చి అక్కడ ఆగిపోయేది. వెనకవన్నీ దాన్ని గుద్దుకుని ఆగేవి. అదిలించినా, తోక మెలిపెట్టినా లాభం లేదు. కాసేపటికి అదే తల పక్కకి తిప్పుకుని, గేటు గుంజని ఒరుసుకుంటూ, మధ్యలో ఒక మనిషి నిలబడేంత చోటు వదిలేసి లోపలికి పోయేది. మిగతావీ అంతే. వాగుకి ఇవతల మా ఇల్లు. పూసలు గుచ్చుకుంటూ అరుగు మీద కూర్చుంటే ఆ గేటు నాకు ఎదురుగా కనిపిస్తుంది. మొదట్లో వాటికి ఏ పామో కనపడిందనుకున్నాను. పాము అన్నేళ్ళు ఒకేచోట ఉండదు కదా.

ఆ చోటు ఎవరిదో మా గుట్ట మీద అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవారు కాదు. అది భేకుముజి అన్న వేలాఫిది. చచ్చిపోయిన వేలాఫిది.

అన్నదమ్ములిద్దరూ మీసాలు సరిగా రాకముందే జొహానెస్‌బర్గ్ అవతలి బంగారు గనుల్లోకి వెళ్ళారు. మా మ్సింగా కొండల వైపు మగపిల్లలందరి దారీ అప్పట్లో అదే. వేలాఫి ఎడమచేతి వాటం మనిషి, చెవి బహు చురుకు. గనిలో పని మొదలుపెట్టే ముందు పొడవాటి ఇనప కడ్డీతో పైకప్పు రాతిని కొట్టి చూస్తారు. గట్టి రాయి టిక్కుమంటుంది, వదులైన రాయి డొల్లగా మోగుతుంది. వేలాఫి కొట్టి, తల వంచి విని, పదండి అనో వద్దు అనో చెప్పేవాడట. అతను చెప్పాక ఇంకెవరూ కొట్టి చూసేవారు కాదట. తమ్ముడికి నేర్పిన పాఠం కూడా ఒక్కటే. "రాయి మాట్లాడేదాకా ఆగరా. మాట్లాడాక మాత్రం ఆగకు." ఈ మాట భేకుముజి నోట విని విని నాకు విసుగు పుట్టేది.

అంత చెవి ఉన్నవాడి మీదే కప్పు కూలింది. ఆ రోజు రాయి ఏమీ చెప్పలేదో, చెప్పింది వినపడలేదో, తెలిసినవాడు లేడు. శవాన్ని తెచ్చి దొడ్డి పక్కనే పాతిపెట్టారు. కానీ శవం వచ్చినంత మాత్రాన మనిషి వచ్చినట్టు కాదు. ఎక్కడ ప్రాణం పోయిందో అక్కడే ఉండిపోతాడు. ఇంటి మగవాడొకడు అడవిరేగు కొమ్మ పట్టుకుని అక్కడికి వెళ్ళి, నేలకి తాకించి, పేరుపెట్టి పిలిచి, వెంటబెట్టుకుని రావాలి. గని పని ఒదలదు, ఒదిలితే ఉద్యోగం ఉండదు, అలా భేకుముజి ఆ పనిని ఏళ్ళ తరబడి వాయిదా వేశాడు. చివరికి ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము పేరుకున్నాక గనివాళ్ళే అతన్ని పంపేశారు. వచ్చీ రాగానే కొమ్మ నరుక్కుని మళ్ళీ బయల్దేరాడు.

తిరుగు ప్రయాణంలో కొమ్మకి వ్యానులో పక్క సీటు కొన్నాడు. డ్రైవరు ఇదేమిటని అడగలేదు. ఏ డ్రైవరూ అడగడు. దారిపొడుగునా కొమ్మతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడకూడదు. వంతెన వస్తే, అన్నా, నది దాటుతున్నాం అని చెప్పాలి. మలుపు తిరిగితే, తిరుగుతున్నాం అని చెప్పాలి. లేకపోతే చచ్చినవాడు దారి తప్పుతాడు. భేకుముజి అన్నీ చెప్పాడు. ఆకలేసినా ఎవరినీ రొట్టె అడగలేదు. ఆ మనిషి ఓర్పు గురించి నేను వంక పెట్టను.

తప్పిందల్లా గేటు దగ్గర. అక్కడ పెంకులో నిప్పు పెట్టి ఇంపేపో ఆకు వేశారు. చనిపోయిన మా పెద్దలకి తిండి ఆ వాసనే. అది రేగుతుండగా తండ్రి పేరు, తాత పేరు, ముత్తాత పేరు వరసగా చెప్పి, చివర ‘ఇదిగో నీ ఇల్లు, రా’ అనాలి. మధ్యలో ఆగకూడదు. భేకుముజి తాత పేరు దాకా వచ్చాడు. పొగ గొంతులోకి పోయింది. దగ్గు పట్టుకుంది. నెత్తురు పడేదాకా దగ్గి కూలబడ్డాడు. ఎవరో చేతిలోంచి కొమ్మ తీసుకుని గుడిసెలో పెద్దల మూలన పెట్టేశారు. రా అన్న మాట మటుకు ఎవరూ అనలేదు.

అదీ సంగతి. వేలాఫిని అంత దూరం నుంచి తీసుకొచ్చి, వాకిట్లో నిలబెట్టి, లోపలికి పిలవలేదు. మనింటికి వచ్చిన చుట్టాన్నే అలా నిలబెడితే ఊరుకుంటాడా?

భేకుముజి మళ్ళీ ప్రయత్నించాడు. ప్రతిసారీ అదే దగ్గు, అదే తాత పేరు దగ్గర. సోదె చెప్పే ఆవిడ దగ్గరికి వెళ్తే చీవాట్లు పెట్టింది. ఆ ఇంట మగవాడివి నువ్వొక్కడివే, నువ్వే పిలవాలి, ఇకమీదట సగం పిలుపు పిలిచావో వాడు విసిగి ఇంకెటో పోతాడు, తర్వాత వెతికి పట్టుకోవడం నా వల్ల కాదు అంది. క్లినిక్కు నర్సు ఇంకోవైపు నుంచి అందుకుంది. ఏ పొగైనా సరే, ఇక పీల్చావంటే మంచం దిగవు అని తేల్చేసింది. వీళ్ళిద్దరి మధ్యా ఆ మనిషి నలిగిపోయాడు. రోజూ పొద్దుగూకే వేళ పెరట్లోంచి ఎర్రావునే చూస్తూ కూర్చునేవాడు. నాకు జాలేసేది. ఆ గేటు చూస్తే భయమూ వేసేది, అబద్ధమెందుకు.

నిద్ర కోసం అతను గంజాయి చుట్ట కాల్చేవాడు. మా కొండవాలుల్లో అది పెరగని పెరడు లేదు. నర్సు మాటతో అదీ పోయింది. ఆ సంగతి తెలిసి కూతురు నోక్వాజి, డర్బన్‌లో మందుల షాపులో పనిచేసే పిల్ల, ఈస్టర్‌కి వస్తూ ఒక వస్తువు తెచ్చింది. వేలెడంత ఉక్కు గొట్టం, దాని కొసకి చిన్న టోపీ. టోపీ కింద గుంటలో ఆకు పెట్టాలి. మంట ఆకుకి కాదు, టోపీకి చూపించాలి. వేడి సరిపోగానే టోపీ టిక్కుమంటుంది. అప్పుడు మంట తీసేసి గొట్టం చివర నోట పెట్టుకుని పీలిస్తే వచ్చేది పొగ కాదు, ఆకులోని సారపు ఆవిరి. నేనప్పుడు వాళ్ళింట్లోనే మొక్కజొన్న ఒలుస్తున్నాను. ఆ పిల్ల బాగానే విడమరిచి చెప్పింది. వినేవాడికి కదా చెవులుండాలి.

మా మగవాళ్ళకి పొగ కనపడకపోతే పని జరిగినట్టు కాదు. పెద్దలకి వేసినా, తాము తాగినా, పైకి లేచే పొగే సాక్ష్యం. భేకుముజి లైటరు వెలిగించి టోపీకి పెట్టాడు. అది టిక్కుమంది. కూతురు ఆపమంది. ఇంకా పొగే రాలేదు కదమ్మా అంటూ అలాగే కాలుస్తూ పోయాడు. కాసేపటికి కావలసినంత పొగ వచ్చింది. పీల్చాడు. దగ్గి దగ్గి ఒంగిపోయాడు. లోపల ఆకు బొగ్గయిపోయింది. భార్య మాఖోజా ఆ గొట్టం లాక్కుని బూడిదకుప్ప మీదికి విసిరేసింది.

"పట్నం పిల్ల తెచ్చిన పీపీ ఊదబోయి ఊపిరి పోగొట్టుకుంటావా? నీకు బుద్ధి ఉందా పెద్దమనిషీ?" అంది.

నేనూ ఊరుకోలేదు. కోడిపెట్టలు దాన్ని పొడిచి చూస్తున్నాయి, వాటికైనా పనికొస్తుందేమో అన్నాను. నవ్వుతాడనుకున్నాను. భేకుముజి నవ్వలేదు. చెయ్యెత్తి మమ్మల్ని మాట్లాడొద్దన్నాడు. బూడిదకుప్ప మీద చల్లారుతున్న ఆ టోపీ ఇంకోసారి టిక్కుమంది.

"అది వేలాఫి కడ్డీ చప్పుడు" అన్నాడు.

చల్లారేటప్పుడు కూడా అలా మోగుతుంది నాన్నా, లోపల రేకు వంగి మళ్ళీ తిరగబడుతుంది, అంతే, అని నోక్వాజి చెప్పింది. అతను వింటేగా. లేచి వెళ్ళి, బూడిద దులిపి, గొట్టాన్ని చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఆ మనిషి పట్టుదల చూడాలి. అన్న చెప్పిన పాఠమే ఇక్కడా పట్టుకున్నాడు. మాట్లాడేదాకా ఆగడం, మాట్లాడాక ఆగకపోవడం. టిక్కుమన్న మరుక్షణం మంట తీసేయడం అలవాటైంది. ఆకుని ముందు పిండిలా నలిపాడు, ఆ నలుసు గొట్టంలోంచి గొంతులోకి వచ్చింది. దుమ్ము సంగతి అతనికి ఇంకొకరు చెప్పాలా? అప్పట్నుంచి బాగా ఆరిన ఆకుని వేళ్ళతోనే ముతగ్గా చిదిమి, గాలి ఆడేలా వదులుగా నింపేవాడు. మంటని ఒకచోట ఉంచకుండా గొట్టాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ కాల్చేవాడు. టోపీ కొసన కాలిస్తే తొందరగా మోగి ఆవిరి పల్చగా వస్తుందనీ, కింది అంచున కాలిస్తే ఆలస్యంగా మోగి చిక్కగా వస్తుందనీ, మాడేది కూడా అక్కడేననీ కనిపెట్టాడు. తన ఊపిరికి కొసే మేలనుకున్నాడు. పీల్చడం కూడా వేడి టీ చప్పరించినట్టు మెల్లగా. చల్లారి రెండోసారి టిక్కుమన్నాకే మళ్ళీ మంట. అయిపోయాక ఆకు దులిపి చూసుకునేవాడు. గోధుమరంగులో ఉంటే తల ఊపేవాడు, నల్లగా ఉంటే తనని తనే తిట్టుకునేవాడు.

లైటరులో గ్యాసు అయిపోయింది. కొవ్వొత్తి పెడితే టోపీకి మసి పట్టింది. చివరికి పొయ్యిలోంచి కణకణలాడే నిప్పు ఒకటి పెంకులో వేసుకుని, టోపీని దానికి దగ్గరగా తిప్పుతూ వేడి చేయడం మొదలుపెట్టాడు. అది నిదానంగా వేడెక్కేది. ఆ నిదానమే అతనికి నచ్చింది. దగ్గు తగ్గింది. నిద్ర పట్టింది. మాఖోజా కూడా మెత్తబడి, పీపీ ఎక్కడ పెట్టావు, కోళ్ళు ఎత్తుకుపోతాయి, అని తనే భద్రం చేయసాగింది. చాలా కాలానికి ఆ ఇంట్లో నవ్వు విన్నాను.

అదే పెంకు. ఇంపేపో వేసి తాత పేరు దగ్గర అతను చతికిలబడినప్పటి పెంకు అదే. దానివైపు చూస్తూ చూస్తూ అతనికి ఒక ఆలోచన వచ్చింది.

మాఖోజా పరుగున మా ఇంటికి వచ్చింది. గంజాయి బదులు ఇంపేపో నింపుతానంటున్నాడు, పొగ లేకుండా వాసన రప్పించి అన్నని పిలుస్తానంటున్నాడు, నువ్వైనా చెప్పు వదినా అంది. నేను వెళ్ళి చెప్పాను. ఆ ఆకు సోదె చెప్పేవాళ్ళు పీలుస్తారు, వాళ్ళకి ఏళ్ళ తరబడి శిక్షణ ఉంటుంది, ఎవరు ఒంట్లోకి వస్తున్నారో వాళ్ళకి తెలుస్తుంది. మనలాంటివాళ్ళం నిప్పులో వేసి పక్కకి జరుగుతాం. పెద్దలు తినాల్సింది నువ్వు తింటానంటే ఎలా అన్నా అని అడిగాను.

"ఏం చెయ్యమంటావు చెల్లెమ్మా? నేను పోతే వాణ్ణి పిలిచేవాడు లేడు. వాకిట్లోనే ఉండిపోతాడు" అన్నాడు.

నోరున్నదాన్నని పేరే గానీ, ఆ రోజు లేచి వాగు దాటి ఇంటికొచ్చేశాను.

మర్నాడు పశువులు వచ్చే వేళకి గేటు దగ్గర చాప పరిచాడు. అడవిరేగు కొమ్మని, ఎండి కట్టెలా అయిపోయినదాన్ని, పెద్దల మూల నుంచి తీసుకొచ్చి ఒళ్ళో పెట్టుకున్నాడు. మాఖోజా, నేను గుడిసె గోడకి ఆనుకుని నిలబడ్డాం. ఇంపేపో చిదిమి గుంటలో నింపాడు. టోపీని నిప్పుకి దగ్గరగా తిప్పాడు. గాలి కూడా లేదు. అది టిక్కుమంది. వెంటనే పక్కకి తీసి మెల్లగా పీల్చాడు, మెల్లగా వదిలాడు. తెల్లటి పల్చని ఊపిరి గేటువైపు వెళ్ళింది. వాసన మాకూ తగిలింది. పెళ్ళిళ్ళలో, చావుల్లో చిన్నప్పట్నుంచీ ఎరిగిన వాసనే, కాకపోతే ఇందులో కాలిన చేదు లేదు.

తండ్రి పేరు చెప్పాడు. ఇంకోసారి పీల్చి తాత పేరు చెప్పాడు. మాఖోజా నా చెయ్యి పట్టుకుని నలిపేస్తోంది. దగ్గు రాలేదు. ముత్తాత పేరు చెప్పాడు. గొంతు గనిలోకి వెళ్ళక ముందటి గొంతులా గట్టిగా వచ్చింది. అప్పుడు చేతిలో టోపీ చల్లారి రెండోసారి టిక్కుమంది.

"వేలాఫీ, ఇదిగో నీ ఇల్లు. రా."

అన్నాడు. అన్నేళ్ళకి ఆ మాట అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. మాఖోజా అప్పటికే ఏడుస్తోంది. వాలు మీద పశువుల గంటలు వినిపించాయి. ఎర్రావు గేటు దాకా వచ్చింది. ఆగలేదు. తల వంచుకుని నడిమధ్య నుంచి లోపలికి నడిచింది. వెనకవన్నీ గేటు నిండుగా తోసుకుంటూ వచ్చాయి.

భేకుముజి లేచి, అలవాటు ప్రకారం ఎర్రావు మెడ నిమరడానికి దొడ్డి దగ్గరికి వెళ్ళాడు. అది అతన్ని చూసి ఆగిపోయింది. తల పక్కకి తిప్పుకుంది. దొడ్డి గోడని ఒరుసుకుంటూ, అతని పక్కన ఇంకొక మనిషికి చోటు వదిలి, చుట్టూ తిరిగి పోయింది. మిగతావీ అంతే. మేము చూశాం. అతనూ చూశాడు.

ఆ రాత్రికి నేను మా ఇంటికి వెళ్ళి తలుపు గడియ వేసుకున్నాను. తెల్లవారాక వెళ్ళి చూస్తే అతను గుడిసెల గోడలన్నీ వేలి కణుపుతో కొట్టి, తల వంచి వింటున్నాడు. ఎడమచేత్తో. సంకటి కూడా ఎడమచేత్తోనే తిన్నాడు. మా ఇళ్ళలో పెద్దవాళ్ళెవరూ అలా తినరు, చిన్నప్పుడే కొట్టి మాన్పిస్తారు. వేలాఫి ఒక్కడే ఎంత కొట్టినా మానలేదట. మాఖోజా కంచం దగ్గర కూర్చుని మొగుణ్ణి చూస్తోంది, ఎవరిని చూస్తోందో తనకే తెలియనట్టు.

నేనే అడిగాను. భయమేస్తోందా అన్నా అని.

అతను గొట్టాన్ని వేళ్ళ మధ్య తిప్పాడు. "పెంకులో వేస్తే వాసన పెద్దల మూలకి పోయేది. నేను దాన్ని గుండెల్లోకి తీసుకున్నాను. వాడు వాసన పోయినచోటికే వచ్చాడు" అన్నాడు. ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాడు. "మా అన్న ఏ దుమ్ములో పడి పోయాడో ఆ దుమ్మే కదా ఇక్కడ ఉన్నది. వాడికి కొత్త చోటేం కాదు."

ఎంత మామూలుగా అన్నాడో.

సోదె ఆవిడ వచ్చి చూసి పెదవి విరిచింది. వచ్చినవాడు శత్రువు కాదు, వెళ్ళగొట్టడం నా పని కాదు, ఇల్లు ఖాళీ అయ్యేదాకా ఉంటాడు అని చెప్పి పోయింది. ఏ ఇల్లో మేము అడగలేదు. భేకుముజి మటుకు దిగులుపడలేదు. అన్నతో గొడవపడేవాడు, అన్నతో నవ్వేవాడు. ఇంపేపో మళ్ళీ ఆ గొట్టంలో పెట్టలేదు. గేటు గోల లేదు గనక ఊరివాళ్ళకి అంతా బాగానే ఉన్నట్టు కనిపించింది. పశువుల మేత దగ్గరికి మటుకు అతను వెళ్ళడం మానేశాడు. ఎర్రావుని ఇంట్లో అందరికంటే ప్రేమగా చూసుకున్న మనిషి, దూరం నుంచే పిలిచి ఊరుకునేవాడు.

చలికాలంలో పోయాడు. ఇంట్లోనే, చాప మీద, నిద్రలో. ఇంట్లో పోయినవాణ్ణయినా పెద్దల మూలకి పిలవాలి, పిలవడానికి మగవాడు లేడు. నోక్వాజి పిలుస్తానంది. ఆడపిల్ల పిలవడమేమిటని పెద్దమనుషులు గొణిగారు. మీరెవరైనా సితోలేలైతే ముందుకి రండి అన్నాను నేను, అందరూ నోళ్ళు మూసుకున్నారు. ఆ పిల్ల పెంకులో ఇంపేపో వేసి, దూరంగా జరిగి నిలబడి, పొగ తిన్నగా పెద్దల మూలకి పోతుండగా పేర్లు చెప్పింది. చివర ఒక పేరు కాదు, రెండు పేర్లు చెప్పి, "ఇదిగో మీ ఇల్లు. రండి" అంది.

ఆ సాయంత్రం పశువులు గేటు దగ్గరా ఆగలేదు, దొడ్డి దగ్గరా ఆగలేదు. ఎవరికీ చోటు వదలకుండా పోయాయి.

గొట్టాన్ని మాఖోజా పెద్దల మూలన కొమ్మ పక్కనే పెట్టింది. దాన్ని ఇంక ఎవరూ ముట్టుకోరు, నిప్పుకి చూపించరు. కానీ నేను ఎప్పుడైనా పొద్దుగూకే వేళ తోడుగా కూర్చుంటే, మాట మధ్యలో మాఖోజా తల ఎత్తి పైకి చూస్తుంది. నాకూ వినిపిస్తుంది. కప్పులో ఎవరో కొట్టి చూసినట్టు, ఒక్కసారి, టిక్కుమని.

"ఏం లేదులే వదినా, ఎండ దిగింది కదా, రేకులు చల్లారుతున్నాయి" అంటాను.

ఆవిడ అవునంటుంది. ఆ గుడిసెకి ఉన్నది గడ్డికప్పు.